తూర్పు లైనులో పడమటి ఇంజను

నిమ్మకాయకు వ్యతిరేకంగా నేను సగం జీవితం మాట్లాడాను. కొత్త లారీ చక్రం కింద నలిగే నిమ్మకాయ, కొట్టు గుమ్మానికి పచ్చిమిరపకాయలతో కలిసి ఉరేసుకున్న నిమ్మకాయ, పిల్లాడి తల చుట్టూ తిరిగి మూడు దారుల కూడలిలో పడే నిమ్మకాయ. మా హేతువాద సంఘంలో పునర్జన్మ మీద మాట్లాడేవాడు ఒకడుండేవాడు, జాతకాల మీద ఒకడు. నిమ్మకాయ నాది. ఒక సభలో, దిష్టి తీసి పారేసిన కాయను ఏరి తెచ్చి, అందరి ముందూ కోసి, ఉప్పద్దుకుని తిన్నాను. జనం చప్పట్లు కొట్టారు. రెండు రోజులు పళ్లు పులిసిపోయి అన్నం నమలలేకపోయాను. ఆ సంగతి సభకు చెప్పలేదు.

అలాంటివాణ్ణి ఇవాళ నెలకోసారి అరబ్బుల ఎడారి ఊరు అల్ ఐన్ వెళ్లి, ఖర్జూరపు తోటలో ఒక షెడ్డులో, నలుగురు ఇంగ్లిషు ముసలివాళ్ల ఎదుట రైలింజనుకు నిమ్మకాయ కొడుతున్నాను. ఇది ఎలా జరిగిందో హేతుబద్ధంగా వివరించగలను. వివరించినా లాభం లేదన్నదే నా బాధ.

ఓడరేవు పక్కన జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గిడ్డంగుల కంపెనీలో ఏ కంటైనరు ఏ షెడ్డుకు పోవాలో చూడటం నా ఉద్యోగం. మా ముదీర్, అంటే మేనేజరు, ఇంగ్లిషువాడు, అరవై దాటినవాడు. లాక్‌డౌన్ సడలాక ఒక గురువారం నన్ను పిలిచి, "శుక్రవారం ఖాళీయేనా? నాకు ఇంకో రెండు చేతులు కావాలి" అన్నాడు. ఆయన మాట్లాడేది ఇంగ్లిషే, నేను తెలుగులో రాస్తున్నాను. విమానాలు ఆగిపోయి ఆయన భార్య ఇంగ్లండులోనే ఉండిపోయింది. అలమారు జరపాలేమో అనుకుని వెళ్లాను.

ఆయన విల్లాలో అన్నిటికంటే పెద్ద గది నిండా ఒక రైలు మార్గం ఉంది. బొమ్మ రైలు అంటే ఆయన ముఖం మాడ్చుకునేవాడు కాబట్టి మార్గం అనే అంటాను. నడుమెత్తు బల్లల మీద ఇత్తడి పట్టాలు, ఇటుక స్టేషను, జేబురుమాలంత పచ్చిక, దాని మీద వేలి గోరంత ఆవులు. ఆయన చిన్నప్పుడు ప్లాట్‌ఫారం చివర నిలబడి చూసిన తూర్పు మెయిన్ లైను అది. పట్టాల్లోంచి కరెంటు చక్రాలకు పాకుతుంది, జానెడు డీజిల్ ఇంజను పరుగెత్తుతుంది. ఒకరు రైలు నడపాలి, ఇంకొకరు పాయింట్లు మార్చి బండిని దారి మళ్లించాలి. ఆ ఇంకొకణ్ణి నేను.

మొదటి శుక్రవారమే గొడవైంది. అలమారులో ఒక పెట్టె కనబడింది. తెరిస్తే మెరూన్ రంగు ఇంజను, ముట్టుకుంటే మాసిపోయేలా ఉంది. ఉత్సాహం కొద్దీ తీసి తూర్పు లైనులో బండికి తగిలించబోయాను.

"వద్దు! దాన్ని అక్కడ పెట్టొద్దు!"

వేడి పెనం మీద చెయ్యి పెట్టబోయే పిల్లాణ్ణి ఆపినట్టు అరిచాడు.

"ఎందుకు సర్?"

"అది పశ్చిమ రీజియన్‌ది."

అప్పుడు నాకు పాఠం చెప్పాడు. బ్రిటిష్ మెయిన్ లైన్లు ఒకప్పుడు రీజియన్లుగా ఉండేవి. ప్రతి డీజిల్ ఇంజనుకూ ఒక షెడ్డు కేటాయించేవారు. ఆ షెడ్డు ఏ రీజియన్‌లో ఉంటే ఇంజను ఆ రీజియన్‌ది. ఏ రోజు ఏ బండి లాగాలో, ఎక్కడికి పోయి ఎప్పుడు ఇంటికి రావాలో ముందే నిర్ణయం. పడమటి ఇంజను తూర్పున కనబడితే అది వార్త, ప్లాట్‌ఫారం చివర కుర్రాళ్లకు పండగ. మామూలు శుక్రవారం మాత్రం అలా కనబడకూడదు.

నాలో పాత ఉపన్యాసకుడు ఒళ్లు విరుచుకున్నాడు. పుట్టిన చోటును బట్టి స్థానం, మీద ఒక ముద్ర, గీత దాటితే గగ్గోలు! దీన్ని మేం మా దేశంలో గుర్తుపట్టి పేరు పెట్టి పోరాడుతున్నాం, మీరు ఇనుముకు కూడా అంటగట్టారా అని అరగంట మాట్లాడాను. ఇంజనుకు కులమేమిటి అన్నాను. సహపంక్తి భోజనాల గురించి చెప్పాను. ముహూర్తం లేకుండా నేను చేయించిన కులాంతర వివాహాల గురించి చెప్పాను. ఆయన టీ తాగుతూ అంతా విన్నాడు.

"పశ్చిమ రీజియన్ వాళ్లు అందరిలాంటి ఇంజన్లు కొనలేదు. మిగతా ఇంజన్లలో డీజిల్ కరెంటు పుట్టిస్తే మోటార్లు చక్రాలు తిప్పుతాయి. వీటిలో నూనె తిప్పుతుంది. ఇది తూర్పున చెడిపోతే ఎవడు బాగు చేస్తాడు? అక్కడి ఫిట్టర్లకు దీని లోపల ఏముందో తెలీదు. విడి భాగాలుండవు. దీని మీద శిక్షణ పొందిన డ్రైవరు ఉండడు. కేటాయింపు కులం కాదు, మరమ్మతు."

కారణం చూపించగలిగిన ఆచారాన్ని ఎలా ఖండించాలో మా సంఘం నాకు నేర్పలేదు. ఇంజనును దాని పెట్టెలో పెట్టేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడది నెల్లూరు.

"ఏవండీ, మీ వాదనలో ఒక మనిషి మిమ్మల్ని ఓడించాడా? ఆయన్ని భోజనానికి పిలవండి, కాళ్లకు దండం పెడతా" అంది.

అలా ఏడాది గడిచింది. మరుసటి వేసవిలో విమానాలు తెరుచుకున్నాయి, కంపెనీ మూతబడుతుందని కబురు వచ్చింది. నాకు పక్క గిడ్డంగిలో పని దొరికింది. ముదీర్‌కు వీసా రద్దు కాబోతోంది, విల్లా ఖాళీ చెయ్యాలి. ఇంగ్లండులో ఆయన ఇంట్లో ఆ బల్లల్లో ఒక్కటి పట్టే గది కూడా లేదట. ముందు ఆయన రెండు నెలలు వెళ్లి అక్కడ పనులు చూసుకుని, సామాను తేల్చడానికి తిరిగి వచ్చాడు.

అల్ ఐన్‌లో రైలు పిచ్చి ఉన్న నలుగురు ఇంగ్లిషు ముసలివాళ్ల బృందం ఒకటి ఉంది. ఒక ఖర్జూరపు తోట యజమాని వాళ్లకు షెడ్డు ఇచ్చాడు. వాళ్లలో పెద్దాయన శుక్రవారం నమాజు వేళ దాటాక వచ్చి చూస్తానన్నాడు. రైలు సరిగ్గా నడిస్తే మార్గం మొత్తం తీసుకుపోతారు. నడవకపోతే శనివారం పొద్దున చెత్త లారీ వస్తుంది. లారీ కూడా మాట్లాడుకుని ఉంచాడు ముదీర్.

"నడవని దాన్ని నేను ఎవరికీ అంటగట్టను" అన్నాడు.

ఆ మాట అంటూ ఒక గోరంత ఆవును తీసి, పచ్చిక మీద రెండంగుళాలు ఇవతల పెట్టాడు. మళ్లీ తీసి మొదటి చోటే పెట్టాడు.

శుక్రవారం పొద్దున చూస్తే ఒక్క ఇంజనూ కదల్లేదు. ఆయన లేని రెండు నెలల్లో ఏసీ ఎప్పుడో ఆగిపోయింది. ఆగస్టు గాలి, సముద్రపు చెమ్మ. ఇత్తడి పట్టాలు బెల్లం పాకం రంగుకు తిరిగాయి. పట్టాలు తుడిచే ద్రవం సీసాలోనే ఇగిరిపోయింది. గరుకు కాగితంతో రుద్దుదామంటే గీతలు పడతాయని ఆయన ఒప్పుకోడు. సామాను దొరికే కొట్లు నమాజు అయ్యేదాకా తెరవరు.

ఏసీ బాగు చెయ్యడానికి వచ్చిన భాయ్‌ది కడప. నిచ్చెన మీదనుంచే అంతా చూస్తున్నాడు.

"ఏంది సార్, ఇంత పెద్ద మనిషి రైళ్లతో ఆడుకుంటాండాడు?"

"ఆట కాదు భాయ్. ఇది నడవకపోతే రేపు చెత్తలోకి పోతుంది."

"యా అల్లా. అట్లయితే దిష్టి తగిలినట్టుండాది సార్. ఊరు పోయొచ్చేలోపల ఎవుడో చూసినాడు."

"తాళం వేసిన ఇంట్లో ఎవడు చూస్తాడు?"

"ఏసీ చెడిపోలేదా మరి?"

ఇలాంటి తర్కంతో తలపడటానికి నేను నోరు తెరుస్తుండగా మా ఆవిడ వచ్చింది. అందరికీ మధ్యాహ్నం భోజనం తెచ్చింది. ఒక గిన్నెలో పులిహోరకు కలపని అన్నం, పోపు. అక్కడే పిండుదామని సంచీలో నిమ్మకాయలు. బల్ల దగ్గర ఇద్దరు మగవాళ్లు శవం చుట్టూ నిలబడ్డట్టు నిలబడి ఉండటం చూసింది. సంచీలోంచి ఒక నిమ్మకాయ తీసింది.

"వద్దు" అన్నాను.

"మీరు కళ్లు మూసుకోండి."

"ఆయన ముందు పరువు తియ్యకు!"

"పరువు రేపు లారీలో పోతుందిగా, ఇవాళ నేను తీస్తే ఏం?"

ఆకుపచ్చ తూర్పు ఇంజను చుట్టూ నిమ్మకాయను మూడుసార్లు తిప్పి చక్రం ముందు పెట్టింది. నిమ్మకాయ ఇంజనంత ఎత్తుంది. రైలు ముందు పసుపుపచ్చ కొండ లేచినట్టుంది. ఆవుల పక్కన ఇంకా ఘోరంగా ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు ముదీర్.

ఇక్కడ నాకో ఆశ కలిగింది. ఆవిరి యంత్రం కనిపెట్టిన జాతి. ఇప్పుడు నా పక్షాన నిలుస్తాడు. కొత్త వాహనాలకు చెడు చూపు తగలకుండా మావాళ్లు చేసే మూఢ చర్య ఇది, క్షమించండి అన్నాను.

"అలాగా" అన్నాడు ఆయన శ్రద్ధగా. "మా ఊళ్లో ఓడను నీళ్లలోకి దించేటప్పుడు షాంపేన్ సీసా దాని ముక్కు మీద పగలగొడతాం. కొట్టకపోతే నావికులు ఎక్కరు. కానీ ఇది దీన్నెలా తొక్కుతుంది?"

నేను కుర్చీలో కూలబడ్డాను. భాయ్ నిచ్చెన దిగాడు.

"అక్కా, కాయ పెద్దదయిపోయింది. కోసి పెడదాం."

"భాయ్, నువ్వు కూడానా? నీ మతంలో ఇది ఉందా?" అన్నాను.

"నిమ్మకాయకు మతమేంది సార్? షర్బత్‌లో ఏస్తాం, దిష్టికీ తీస్తాం."

ఏసీ వైర్లు కోసే కత్తితో కాయను రెండు చేశాడు. ఒక చెక్కను బోర్లించి పట్టాల మీద పెట్టారు. ముదీర్ చేత్తో ఇంజనును దాని మీదికి తోశాడు. చెక్క జారింది, ఇంజను పక్కకు ఒరిగింది, రసం బారెడు దూరం పట్టాల మీద పారింది. మా ఆవిడ "అయిపోయింది, ఇంక మంచే జరుగుతుంది" అని చెంగుతో పట్టాలు తుడిచింది. చెంగు నల్లబడింది. తుడిచిన మేర పట్టా కొత్త గంట మూతిలా మెరిసింది.

ఇంజను నిలబెట్టి కరెంటిచ్చారు. అది రెండుసార్లు దగ్గి, కదిలి, మెరుపు ఉన్నంత దూరం ఈడ్చుకుంటూ పోయింది. మెరుపు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ ఆగింది.

ముదీర్ వంగి ఆ హద్దును వేలితో తడిమాడు.

"దిష్టి పోయినంత దూరం పోయినాది సార్" అన్నాడు భాయ్ మెల్లగా.

"ఆమ్లం!" అని లేచాను. "అది ఆమ్లం! ఇత్తడి మీద పేరుకున్న చిలుమును నిమ్మ ఆమ్లం కరిగిస్తుంది. మన ఇళ్లలో ఇత్తడి చెంబులు నిమ్మచెక్కతో తోముకోలేదా? చింతపండుతో తోముకోలేదా? ఇందులో దిష్టి ఎక్కడుంది?"

"అయితే ఆ ఆమ్లమే మిగతా లైనుకు కూడా పుయ్యండి" అంది మా ఆవిడ, మిగిలిన కాయలు నా చేతిలో పెట్టి.

నా పరిస్థితి చూడండి. పుయ్యకపోతే రేపు లారీ. పూస్తే నిమ్మకాయ. నా శాస్త్రం నన్ను చెయ్యమన్నదీ, ఆవిడ మూఢనమ్మకం నన్ను చెయ్యమన్నదీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే పని. సభలో వందసార్లు తిట్టిన పనిని మోకాళ్ల మీద వంగి, పచ్చిక తడవకుండా, ఆవులు పడకుండా చేశాను. వెనకే భాయ్ తడిగుడ్డతో, ముదీర్ పొడిగుడ్డతో. కాయలు అయిపోతే భాయ్ వీధి చివర బకాలా కొట్టుకు పరుగెత్తాడు. అక్కడ పచ్చివి లేవు, అరబ్బులు కూరలో వేసే ఎండు నల్ల నిమ్మకాయలు తెచ్చాడు. వాటిని వేడినీళ్లలో నానబెట్టి పిండాం. పులిహోర పులుపు లేకుండానే తిన్నాం. ఎవరికీ నోట్లోకి పోలేదు.

పట్టాలు మెరిశాయి. అయినా తూర్పు ఇంజన్లు కుంటుకుంటూ పోయి ఆగిపోయాయి. వాటి చక్రాలకూ మకిలి పట్టింది. అవి ఇనుప చక్రాలు, నిమ్మరసం తగిలితే తుప్పు పడతాయని నేనే ఆపాను. అప్పుడు నాకు అలమారులో పెట్టె గుర్తొచ్చింది. పడమటి ఇంజను ఎన్నడూ పట్టాలెక్కలేదు కాబట్టి దానికి ఏ మకిలీ అంటలేదు. తీసి లైనులో పెడితే పిల్లిలా చప్పుడు లేకుండా వెళ్లింది. నడుస్తున్నది అదొక్కటే.

"తీసెయ్" అన్నాడు ముదీర్.

"సర్, గంటలో ఆయన వస్తాడు."

"తూర్పు మెయిన్ లైను మీద అదా? ఆయన నవ్వుతాడు. లారీలో పోనీ."

ఏడాది కిందట ఓడిపోయినవాణ్ణి నేను. ఈ ఏడాదంతా జవాబు వెతుకుతూనే ఉన్నాను.

"సర్, కేటాయింపు కులం కాదు, మరమ్మతు అన్నారు కదా?"

"అన్నాను."

"తూర్పు ఫిట్టర్లకు దీని పని తెలీదు కాబట్టి ఇది ఇక్కడ తిరక్కూడదు. అంతే కదా?"

"అంతే."

"ఈ లైను ఫిట్టరు ఎవరు?" అని భాయ్‌ను చూపించాను. "కడప ఏసీ మెకానిక్. డ్రైవరు నేను. మా ఇద్దరికీ తూర్పు ఇంజను పనీ తెలీదు, పడమటి ఇంజను పనీ తెలీదు. అన్ని ఇంజన్లూ మాకు సమానంగా అర్థం కావు. మీ కారణం ఈ గదిలో లేదు సర్. కారణం పోయాక మిగిలే నియమాన్నే మేం ఆచారం అంటాం."

ఆయన నన్ను చూశాడు. భాయ్‌ను చూశాడు. భాయ్‌కు విషయం తెలియకపోయినా ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు.

"యల్లా, పద" అన్నాడు ముదీర్. ఆయన నోట ఆ మాట నేను గిడ్డంగిలో తప్ప వినలేదు. తన చేత్తోనే మెరూన్ ఇంజనును తూర్పు బండికి తగిలించాడు.

పెద్దాయన వచ్చాడు. పొడుగ్గా, తెల్ల గడ్డంతో, చేతిలో టోపీతో. గది వాసన చూసి ముక్కు ఎగరేశాడు. బల్ల మీద ఇంజనును చూసి ఆగిపోయాడు.

"ఇది ఇక్కడేం చేస్తోంది?"

ముదీర్ కరెంటు మీట తిప్పాడు. కదల్లేదు. ముదీర్ బల్ల కిందికి వంగాడు. మా ఆవిడ మిగిలిన ఒక్క నిమ్మచెక్కను పట్టా మీద పిండేసింది.

"దిష్టి అక్కా, ఇంకా కొంచెం ఉండాది" అన్నాడు భాయ్.

నాకు తిక్క నషాళానికెక్కింది. "ఇది ఆమ్లం! దిష్టి కాదు!" అని తెలుగులో గది అదిరేలా అరిచాను.

అదే క్షణాన ఇంజను కదిలింది.

ఊడిన తీగను ముదీర్ బల్ల కింద అప్పుడే నొక్కాడని తర్వాత తెలిసింది. పెద్దాయన బల్ల కింద చూడలేదు, నన్ను చూశాడు. రైలు స్టేషను దాటింది, ఆవుల్ని దాటింది, గది చుట్టి వచ్చింది.

"పడమటిది తూర్పుకు ఎలా వచ్చింది?" అన్నాడు మళ్లీ.

"తూర్పు ఇంజన్లన్నీ చెడిపోయాయి. అప్పు తెచ్చుకున్నాం" అన్నాడు ముదీర్.

"ఏ షెడ్డు నుంచి?"

"ఏ షెడ్డుదైనా, ఏ దారిన వస్తుందో చెప్పు చూద్దాం!" అన్నాడు ముదీర్.

ఇక ఇద్దరు ముసలివాళ్లూ ఏ ఊరి మీదుగా వచ్చి ఉండవచ్చో, ఎక్కడ డ్రైవరు మారాలో, ఎక్కడ ఆపేసి వెనక్కి పంపేవాళ్లో దెబ్బలాడుకున్నారు. వాళ్లు దెబ్బలాడుతున్నంతసేపూ రైలు తిరుగుతూనే ఉంది. పొద్దు వాలాక పెద్దాయన టోపీ పెట్టుకుని, "లారీ వద్దని చెప్పు. రేపు మేం వస్తాం" అన్నాడు. ముదీర్ తల ఊపి, ఏసీ ఎలా ఉందో చూసి వస్తానని పక్క గదిలోకి వెళ్లాడు. ఏసీ ఈ గదిలోనే ఉంది.

ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

ముదీర్ ఇంగ్లండు వెళ్లిపోయాక అల్ ఐన్ నుంచి ఫోను వచ్చింది. బల్లలన్నీ బిగించారు, మొదటి బండి నడుపుతున్నారు, రమ్మన్నారు. వెళ్లేసరికి షెడ్డు గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. ఏసీ పెట్టడానికి భాయ్‌ను పిలిచారట. లోపల ఒక పింగాణీ సాసరులో చిన్న నిమ్మకాయ సిద్ధంగా ఉంది. నలుగురూ టోపీలు తీసి నిలబడ్డారు. పడమటి ఇంజనే ముందు తొక్కాలని తీర్మానం చేశారట. తూర్పు ఇంజన్లకు ఆ హక్కు లేదట.

నేను ఇంగ్లిషులో ఉపన్యాసం ఇచ్చాను. ఇత్తడి, చిలుము, ఆమ్లం, అన్నీ చెప్పాను. ఏసీ ఉంది కాబట్టి ఇప్పుడు ఆ అవసరం కూడా లేదన్నాను. మర్యాదగా విన్నారు.

"నువ్వు చెప్పింది అక్షరాలా నిజం" అన్నాడు పెద్దాయన. "కానివ్వు."

"మీరే చేసుకోవచ్చుగా?"

"మేం దీని మీద శిక్షణ పొందలేదు. ఇది మీ రీజియన్ పని. తేడా వస్తే బాగుచేసే ఫిట్టరు మా దగ్గర లేడు."

నా కారణంతోనే నన్ను కట్టేశారు. కేటాయింపు కులం కాదు, మరమ్మతు. ఒప్పుకున్నది నేనే.

ఇప్పుడు సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది, నా డ్యూటీ మారలేదు. నెలకోసారి వెళ్తాను. ఫోనులో ఇంగ్లండు నుంచి ముదీర్ చూస్తుంటాడు, పక్కన ఆయన భార్య. "ఆవుల్ని ఎవరు కదిపారు?" అని ప్రతిసారీ అడుగుతాడు. నేను నిమ్మచెక్క పట్టా మీద పిండి, నిరసనగా, తెలుగులో, గట్టిగా అంటాను: "ఇది ఆమ్లం! దిష్టి కాదు!"

నలుగురు ఇంగ్లిషు ముసలివాళ్లూ తలలు వంచి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, నా వెనకే అంటారు.

ఆ తర్వాతే మీట తిప్పుతారు.